దూపగొన్న నైలాన్

పంతొమ్మిది పిక్కర్లు సంచిలో వెనక్కి వచ్చాయి. పంతొమ్మిదీ పగిలినవే. మరమగ్గాల ఆసామి చింతకింది భూమయ్య ఆ సంచిని మోసుకొచ్చి, కార్ఖానా గడపలో బోర్లించి, ఒక్క మాట అనకుండా నిలబడ్డాడు. తిట్టి ఉంటే స్రవంతికి కాస్త తేలికగా ఉండేది.

పిక్కర్ అంటే ఏమిటో సిరిసిల్లలో పుట్టనివాళ్లకు చెప్పాలి. మరమగ్గం మీద దారం మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. దాన్ని ప్రతిసారీ వెనకనుంచి కొట్టి తరిమేది పిక్కర్. పిడికిలి కంటే చిన్నది. మగ్గానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉంటాయి. నిమిషానికి యాభై అరవై దెబ్బలు కొట్టాలి, అన్ని దెబ్బలూ తినాలి. అదే దాని బతుకు. వెనకటికి బర్రెతోలుతో చేసేవాళ్లు, ఇప్పుడు నైలాన్ కరిగించి అచ్చులో పోస్తున్నారు.

ఊళ్లో ఆ పని చేసేది ఒక్క దూడం మార్కండయ్య కార్ఖానాలోనే. రేకుల షెడ్డు, ఒక పాత మౌల్డింగ్ మిషన్, బయట ఒక స్టూలు. ఆయన పిక్కర్లు చూడ్డానికి ఏమంత బాగుండవు. ఒంటినిండా తెల్లటి చారలు, అంచుల్లో గరుకు. కానీ మార్కండయ్య పిక్కర్ పగిలిందన్న మాట పదిహేనేళ్లలో ఎవరి నోటా రాలేదు.

ఈ పంతొమ్మిది ఆయన చేసినవి కావు. ఆయన శిష్యురాలు బూర స్రవంతి చేసినవి.

స్రవంతి నేతకార్మికుడి కూతురు. హైదరాబాదులో ప్లాస్టిక్ టెక్నాలజీలో డిప్లొమా చేసి, ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, ఆరునెలల కిందట ఈ షెడ్డుకు వచ్చింది. మార్కండయ్యకు డెబ్బై దాటాయి. మహారాష్ట్ర భివండిలో ఇరవై ఏళ్లు మగ్గాల మధ్య బతికి సగం చెవుడు తెచ్చుకున్న మనిషి. పిక్కర్లు పోయడం అక్కడే నేర్చుకున్నాడు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అంటుంది. స్రవంతి వచ్చిన రోజున ఆమెకు మిషన్ చూపించి, నడుపుకో అని, ఆయన స్టూలు బయట వేసుకున్నాడు.

ఆ షెడ్డు చూసి స్రవంతికి తల తిరిగింది. నైలాన్ దానా, అంటే కరిగించే గింజల సంచులు మూతులు తెరిచి ఉన్నాయి. నైలాన్‌కు నీళ్లంటే పడదని, దానాలో తేమ ఉంటే పోత చెడుతుందని, ఆ తెల్లటి చారలు అందుకే వస్తాయని ఆమెకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. నీళ్లే నైలాన్‌కు పగ అని మేష్టారు బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశారు. ఆమె ఆ గీతను మర్చిపోలేదు.

అందుకని డ్రయ్యర్ పెట్టించింది. దానాను పూటంతా ఎండబెట్టేది. సంచుల మూతులు కట్టేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. అచ్చులోంచి వచ్చిన పిక్కర్‌ను వేడివేడిగానే కవర్లో వేసి, తేమ పీల్చే పొట్లం ఒకటి అందులో పడేసి, గాలి చొరకుండా అతికించేది. ఆమె పిక్కర్లు చారల్లేకుండా, తేనెరంగు మెరుపుతో, దుకాణంలో అద్దాల వెనక పెట్టేంత అందంగా వచ్చాయి. ఉస్తాద్ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మంచిగ మెరుస్తున్నయి అన్నాడు. ఆమె దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకుంది.

ఇంట్లో అమ్మతో, ఉస్తాద్ పాతకాలం మనిషి పాపం, ఆయనకు కారణాలు తెలియవు అని కూడా అంది. తెలిసినవాళ్లకు వచ్చే మొదటి జబ్బు అదే.

భూమయ్య ఇరవై మగ్గాలకు నలభై పిక్కర్లు అడిగితే మూడు రోజుల్లో ఇచ్చేసింది. ఉస్తాద్ హయాంలో అయితే రెండు వారాలు పట్టేది. ఏప్రిల్ ఎండలు ముదిరాయి. నాలుగు రోజుల్లో పంతొమ్మిది పగిలాయి. చివరిది పగిలినప్పుడు నాడె దారి తప్పి మగ్గంలోంచి ఎగిరి, పక్కన నిలబడ్డ నేతకార్మికుడు ఎల్లేశం భుజానికి కొట్టుకుంది. ఎముక విరగలేదు గానీ చెయ్యి పైకి లేవడం లేదు. నాలుగు మగ్గాలు ఒక్కడే నడిపే మనిషి అతను.

భూమయ్య చివరికి నోరు తెరిచాడు. స్రవంతి వైపు చూడకుండా ఉస్తాద్‌తోనే మాట్లాడాడు. ఇక పిక్కర్లు బయటినుంచి తెప్పించుకుంటామని, తన ఇరవై మగ్గాలే కాదు, తక్కిన ఆసామిలు కూడా అదే అనుకుంటున్నారని చెప్పాడు. అంటే మిషన్ ఆగిపోయినట్టే. ఆ షెడ్డులో పోస్తున్నది పిక్కర్లు తప్ప మరొకటి కాదు.

మార్కండయ్య పగిలిన ముక్కలు రెండు ఏరి, ఒకదానికొకటి ఆనించి చూశాడు. అతికినట్టు కలిశాయి. రెండు వారాలు ఆగమన్నాడు. రెండు వారాల తర్వాత ఒక్క మగ్గం మీద, ఒక్క జత, పొద్దున ఏడునుంచి సాయంత్రం ఏడుదాకా నడిపి చూడమన్నాడు. పగిలితే తానే మిషన్‌కు తాళం వేస్తానన్నాడు.

"ఆ జత ఎవరు చేస్తరన్నా?" అన్నాడు భూమయ్య.

"ఆమెనే చేస్తది."

భూమయ్య ఈసారి స్రవంతిని చూశాడు. ఆ చూపు ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆమె ఉస్తాద్‌ను ఏమీ అడగలేదు. నేరుగా మిషన్ దగ్గరికి వెళ్లింది.

మొదటిరోజు అచ్చును వేడిగా ఉంచి, పోతను నిదానంగా చల్లారనిచ్చింది. పిక్కర్ గట్టిగా వచ్చింది. గోరుతో గీరితే గీత పడలేదు. సుత్తె దెబ్బకు మాత్రం కొబ్బరిచిప్పలా పగిలింది. రెండోరోజు అచ్చులోకి చల్లటి నీళ్లు తిప్పింది. పోత గబగబా గడ్డకట్టింది. పైతోలు మెత్తగా, కాస్త మసకగాజులా వచ్చింది. కోసి చూస్తే నడిమధ్యన బోలు ఉంది. పైన తొందరగా బిగుసుకుపోతే లోపలిది కుంచించుకోవడానికి చోటు లేక అలా బోలు పడుతుంది. అదీ పగిలింది. మూడోరోజు మళ్లీ వేడి అచ్చే పెట్టి, ఒత్తిడి పెంచి, పోత బిగుసుకునేదాకా ఒత్తిపట్టి ఉంచింది. బోలు పోయింది. కోస్తే రాయిలా ఒకే కట్టుగా ఉంది. అది కూడా పగిలింది. కాకపోతే ఇంకాస్త పెద్ద చప్పుడుతో పగిలింది.

అంత దిగులులోనూ ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఒకే సంచిలో దానా, ఒకటే అచ్చు. కరిగించిన తీరు, ఒత్తిన తీరు, చల్లార్చిన తీరు మారితే చాలు, మూడు వేరు వేరు వస్తువులు పుట్టాయి. పుస్తకంలో చదివినప్పుడు అది రెండు పేరాల సంగతి. చేతిలో పట్టుకుంటే వేరేగా ఉంది. కానీ మూడూ పగిలాయి.

నాలుగోరోజు పొద్దున ఆమె బయటికి వచ్చి స్టూలు ఎదురుగా నేలమీద కూర్చుంది. ఉస్తాద్ చాయ్ తాగుతున్నాడు.

"ఉస్తాద్, నాకు సమజైతలేదు."

ఆరునెలల్లో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

షెడ్డు మూలన ఒక పెద్ద గంగాళం ఉంది. స్రవంతి దాన్ని తుక్కు వేయడానికి వాడుతోంది. పోతలో మిగిలిన తోకలు, పగిలిన ముక్కలు అందులోనే పడేసేది. ఉస్తాద్ వచ్చి దాన్ని నేలమీద బోర్లించాడు. తుక్కంతా కుప్పగా పడింది. బూడిదతో గంగాళం తోమాడు. నిండా నీళ్లు పోసి, కింద పొయ్యి అంటించాడు.

తర్వాత అరలోంచి స్రవంతి అతికించిన కవర్లు రెండు తీశాడు. రెండూ ఒకే పూట పోసినవి. ఒక కవరును అలాగే బల్ల మీద పెట్టాడు. రెండోదాన్ని చించి, లోపలి తేమపొట్లం చెత్తలోకి విసిరి, పిక్కర్‌ను గంగాళంలో వేశాడు. అది బుడుంగున మునిగి అడుగుకు చేరింది.

స్రవంతికి అప్పుడు గుర్తుకొచ్చింది. తను వచ్చిన కొత్తలో ఆ గంగాళం ఎప్పుడూ పొయ్యి మీదే ఉండేది. పిక్కర్లు అందులో ఉడుకుతూ ఉండేవి. అచ్చుకు రాసే నూనె వదలడానికి ఉడకబెడుతున్నారనుకుంది. తను పోసినవాటికి నూనె అంటలేదు కాబట్టి, ఇక ఈ మసిపని ఎందుకని గంగాళాన్ని మూలకు తోసింది. ఎవరినీ అడగలేదు.

నీళ్లు మరిగాయి. తగ్గినప్పుడల్లా ఆయన చెంబుతో పోశాడు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాడు. నాలుగింటికి పటకారుతో పిక్కర్‌ను బయటికి తీసి, చల్లారనిచ్చి, ఇనుపదిమ్మ మీద పెట్టాడు. సుత్తె ఆమె చేతికిచ్చాడు. ముందు కవర్లో ఉన్నదాన్ని కొట్టమన్నట్టు చెయ్యి చూపించాడు.

ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. ఒక ముక్క వెళ్లి గోడ రేకుకు తగిలి ఖంగుమంది.

ఉడికినదాన్ని కొట్టింది. సుత్తె ఎగిరి ఆమె భుజందాకా వచ్చింది. పిక్కర్ మీద చిన్న నొక్కు పడింది, అంతే. ఇంకోసారి కొట్టింది. పది దెబ్బలు కొట్టింది. పదకొండో దెబ్బకు ఆమెకే చెయ్యి నొప్పెట్టింది.

"నీళ్లు నైలాన్‌కు పగ అని చదువుకున్న ఉస్తాద్."

"కరిగినప్పుడు పగనే."

"మరి ఇప్పుడు?"

ఆయన ఉడికిన పిక్కర్‌ను అరచేతిలో తూచినట్టు ఎగరేసి పట్టుకున్నాడు.

"దూపైతున్నది దానికి. గంతే."

దూప అంటే దాహం. అంతకంటే ఆయన వివరంగా చెప్పలేదు. చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

స్రవంతి చిన్న త్రాసు తెచ్చి ఉడికినదాన్ని తూచింది. కవర్లో అతికించినప్పుడు డెబ్బై గ్రాములున్నది డెబ్బై ఒకటిన్నరకు దగ్గరగా ఉంది. ఆ గ్రామున్నర నీళ్లు పైన అంటుకున్నవి కావు, లోపలికి వెళ్లినవి. ఆమె ఆ అంకెను చూస్తూ చాలాసేపు కూర్చుంది.

ఇదంతా ఆమె పరీక్షలో రాసినదే. నైలాన్ అంటే పొడుగాటి గొలుసులు. పక్కపక్క గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కరిగిన వేడిలో నీటిచుక్క తగిలితే గొలుసు పుటుక్కున తెగుతుంది. గట్టిపడ్డాక మాత్రం అదే నీరు గొలుసును తెంచలేదు. రెండు గొలుసుల నడుమ దూరి వాటి పట్టు కొంచెం సడలిస్తుంది. పట్టు సడలితే దెబ్బ తగిలినప్పుడు అవి అటూ ఇటూ జరగగలవు. పట్టు మరీ బిగుసుకుని ఉంటే జరగడానికి చోటు లేక పగిలిపోతాయి. ఆ ప్రశ్నకు ఆమెకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి.

ఉస్తాద్ రెండు చాయ్ గ్లాసులతో వచ్చాడు. ఆమెకు సిగ్గుగానూ ఉంది, కోపంగానూ ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగేసింది.

ఆయన గ్లాసు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గంగాళంల తుక్కు చూసిన నేను. వేరే దేంట్లనో నానబెడుతున్నవేమో అనుకున్న. నువ్వు అడగలే, నేనూ అడగలే. ఎల్లేశం భుజానికి తగిలింది."

స్రవంతి చాయ్ తాగలేకపోయింది. తప్పు తనదొక్కదానిదే అనుకుని మూడు రోజులు మోసింది. ఇప్పుడు దాన్ని ఇంకొకరు పంచుకుంటే బరువు తగ్గాలి. తగ్గలేదు. ఆయన ముఖం చూస్తే ఇంకా పెరిగింది.

మర్నాడే ఆమె కొత్తగా మొదలుపెట్టింది. దానాను మునుపటిలాగే పొడిగా ఎండబెట్టింది, అందులో మార్పు లేదు. అచ్చు వేడిగా ఉంచింది. ఒత్తిడి వదలకుండా పట్టి, నిదానంగా చల్లార్చింది. ఆరు పిక్కర్లు పోసి, ఒకటి కోసి చూసింది. చారల్లేవు, బోలు లేదు. ఆ మూడు రోజుల తంటాలు ఊరికే పోలేదు. తక్కిన ఐదింటినీ గంగాళంలో వేసి పొయ్యి అంటించింది.

పది రోజులు అదే పని. పగలు ఉడకబెట్టడం, రాత్రి ఆ నీళ్లలోనే నాననివ్వడం. పక్క వీధి ఆడవాళ్లు నీళ్లకు పోతూ వస్తూ, పిక్కర్లు మెత్తబడ్డయా, ఉప్పు ఏసినవా అని నవ్వేవాళ్లు. ఒకామె, మిగిలితే మా ఇంటికి కూడా ఓ గిన్నె పంపమంది. స్రవంతి రోజూ పొద్దున పిక్కర్లను తుడిచి తూచేది. మొదట్లో గబగబా తాగాయి. తర్వాత నెమ్మదించాయి. తొమ్మిదోనాటికి త్రాసు ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

పదోరోజు కొలిచి చూస్తే పిక్కర్ వెంట్రుకవాసి పెరిగింది. కాగితం మీద గీసిన కొలత దాటింది. ఆమె మళ్లీ కొలిచింది, అంతే వచ్చింది. ఉస్తాద్ దాన్ని తీసుకుని, మగ్గంలో పిక్కర్ జారే కడ్డీ ఒకటి తెచ్చి దానికి తొడిగి చూశాడు. బిగుసుకోలేదు, వదులూ కాలేదు, నున్నగా జారింది. ఆ అచ్చు చెక్కిన రోజునే ఆయన ఆ పెరుగుదలకు చోటు వదిలాడు. ఈసారి స్రవంతి ఆ సంగతి తానే అడిగి తెలుసుకుంది.

పందెం రోజు పొద్దున ఏడింటికి భూమయ్య షెడ్డులో ఇరవై మందికి తక్కువ లేరు. మిగతా ఆసామిలు కూడా వచ్చారు. మూలనున్న మగ్గానికి స్రవంతి తన చేత్తోనే రెండు పిక్కర్లూ బిగించింది. నడిపేవాళ్లు కావాలి. ఎల్లేశం భుజానికి పసుపుగుడ్డ కట్టుకుని దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాను ఆ మగ్గం దగ్గరికి రానని ముందే చెప్పేశాడు. అతన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. మిగతా కార్మికులు కూడా ముందుకు రాలేదు.

తనే నడుపుతానంది స్రవంతి. నేత ఇంట్లో పుట్టిన పిల్లకు మగ్గం నడపడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆమె మీట మీద చెయ్యి వేసింది. అప్పుడు మార్కండయ్య తన స్టూలు ఎత్తుకుని వచ్చాడు. మగ్గం ఎడమచివర, నాడె పరుగెత్తే దారికి సరిగ్గా ఎదురుగా వేశాడు. పిక్కర్ పగిలితే నాడె ఎగిరి వచ్చి పడేది అక్కడే. ఎల్లేశం ఆ రోజు నిలబడ్డది కూడా అలాంటి చోటే. ఆయన స్టూలు మీద కూర్చుని కండువా ఒళ్లో పెట్టుకున్నాడు.

అక్కడ కూర్చోవద్దని భూమయ్య అరిచాడు. ఆయనకు వినపడలేదు, లేదా వినపడనట్టు ఉన్నాడు. చెవుడు ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం ఒకటుంది.

స్రవంతి ఆయన దగ్గరికి వెళ్లి చెవి పక్కకు వంగింది.

"ఉస్తాద్, పగిలితే?"

"చేసింది నువ్వే గద," అన్నాడు ఆయన.

ఆమె తిరిగి వచ్చి మీట నొక్కింది.

మగ్గం లేచింది. షెడ్డు అదిరింది. మొదటి గంట ఆమె గుడ్డ వైపు చూడనేలేదు. ఎడమ పిక్కర్‌నే చూసింది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆమె కళ్లు మూసుకున్నాయి. రెండో గంటకు కళ్లు మూసుకోవడం మానేసింది. మూడో గంటకు తెగిన పోగు అతకడానికి వంగింది. అప్పుడే గుడ్డ వైపు మొదటిసారి చూసింది.

పదకొండింటికి ఎండ రేకుల మీద పేలుతోంది. కండెలు చుట్టే ఆడవాళ్లు బకెట్లు తెచ్చి నేలమీద నీళ్లు చల్లారు. ఎండాకాలంలో ప్రతి షెడ్డులోనూ చల్లుతారు, లేకపోతే పోగు ఎండి తెగుతుంది. స్రవంతి చిన్నప్పుడు ఆ బకెట్లు తనే మోసేది. ఆమె ఆ తడినేలను ఒక క్షణం చూసి, తనమీద తనే నవ్వుకుంది.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆసామిలు మూగి పిక్కర్లను వేళ్లతో తడిమి చూశారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. కరెంటు వచ్చింది. మళ్లీ నడిచింది.

మూడింటికి టప్పున పెద్ద చప్పుడు వచ్చింది.

మగ్గం తడబడింది. స్రవంతి మీట లాగేసింది. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆమెకు ఎడమవైపు చూడటానికి ధైర్యం చాలలేదు. చివరికి చూస్తే ఉస్తాద్ స్టూలు మీద ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు. తల కూడా తిప్పలేదు.

తెగింది పిక్కర్ కాదు, పిక్కర్‌ను లాగే తోలుపట్టీ. పాతది, దాని ఆయుష్షు తీరింది. నాడె తన దారి చివరనుండే పెట్టెలోనే ఆగిపోయింది.

కొత్త పట్టీ బిగించడం అందరికీ వచ్చే పని కాదు. గోడకు ఆనుకున్న ఎల్లేశం కాసేపు చూసి, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఒంటిచేత్తో పాత పట్టీ విప్పాడు. కొత్తది బిగించేముందు అతని బొటనవేలు పిక్కర్ మీద ఆగింది. నాడె తగిలేచోట నొక్కి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. గోరుతో గీరాడు. తర్వాత గబగబా పట్టీ బిగించాడు. పనైపోయాక కూడా అతను గోడ దగ్గరికి పోలేదు.

"చెల్లె, జరుగు. నేను నడుపుత."

స్రవంతి పక్కకు జరిగింది. ఆమెకు ఏడుపు వచ్చింది. మగ్గం చప్పుడులో ఎవరికీ వినపడదు గదా అని ఏడ్చింది కూడా.

సాయంత్రం ఏడు గంటలకు ఎల్లేశం మగ్గం ఆపాడు. ముప్పైవేల దెబ్బల పైమాట. భూమయ్య తన చేత్తోనే రెండు పిక్కర్లూ విప్పి, గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకుపోయాడు. ఆసామిలు చుట్టూ చేరారు. నాడె తగిలిన చోట రూపాయి బిళ్లంత నొక్కు, అద్దంలా నునుపుదేరి ఉంది. ఎక్కడా పగులు లేదు. వెంట్రుకంత గీత కూడా లేదు. ఒక ఆసామి పిక్కర్‌ను నేలకేసి బలంగా కొట్టాడు. అది ఎగిరి అతని మోకాలికే తగిలింది. అందరూ నవ్వారు. ఎల్లేశం అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆసామిలు తమలో తాము మాట్లాడుకున్నారు. భూమయ్య వచ్చి మార్కండయ్య ముందు నిలబడ్డాడు. అందరివీ కలిపి రెండువందల మగ్గాలున్నాయని, నాలుగువందల పిక్కర్లు కావాలని, మూడు రోజుల్లో మొదటి విడత ఇస్తే మంచిదని చెప్పాడు.

జవాబు స్రవంతి చెప్పింది. పోసిన ప్రతి పిక్కర్ పది రోజులు నీళ్లలో ఉండాల్సిందేనని, అంతకు ఒక్క రోజు ముందు కూడా ఇవ్వనని చెప్పింది.

"పోయినసారి మూడు రోజులల్ల ఇస్తివి గద బిడ్డా," అన్నాడు భూమయ్య.

"పోయినసారియి పగిలినయి కాకా."

భూమయ్య ఆ పిల్లను కాసేపు చూశాడు. అలవాటు చొప్పున, ఏమంటావన్నట్టు మార్కండయ్య వైపు తిరిగాడు.

పొద్దుటినుంచి కూర్చున్న స్టూలు మీదినుంచి మార్కండయ్య మెల్లగా లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"నన్నేం జూస్తవు భూమయ్యా. ఉస్తాద్ చెప్పింది గద, పది రోజులు."